అంచు తడిమే నడక

పోయిన వారం మనం నాటకం టీచరుని నడి తరగతిలో వదిలేశాం. చప్పట్లు కొట్టబోయిన రెండు చేతులూ గాల్లోనే ఆగిపోయి, ఎదురుగా నడుస్తున్న తొమ్మిదో తరగతి పిల్లని చూస్తూ ఆవిడ కొయ్యబారిపోయింది. ఆ పిల్ల బక్కపలచగా ఉండి, ఎప్పుడూ కిచకిచమంటూ తిరుగుతుంది కాబట్టి క్లాసంతా పిచ్చుక అనే పిలుస్తారు. 'ఇంట్లో పెద్దవాళ్ళ నడక ఒకటి పట్టుకు రండి' అని టీచరు ఇచ్చిన ఇంటిపనికి పిచ్చుక తన అమ్మమ్మ నడక పట్టుకొచ్చింది. అడుగు వేసే ముందు కుడికాలి బొటనవేలు చాచి, నేలని తడిమి, ముందు అంచేమీ లేదని నమ్మకం కుదిరాకే బరువు వేసే నడక అది. తల మాత్రం రాణిగారిలా నిటారు. వెనక్కి తిరిగేటప్పుడు ఎడమచెయ్యి నడుం మీదికి పోతుంది. ఆ మెడ, ఆ చెయ్యి, ఆ తిరగడం టీచరుకి పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ తెలుసు. అవి ఆవిడ అక్కవి. ముప్పై ఏళ్ళకు పైగా మాటల్లేని, మంచీ చెడూ తెలియని, ఎక్కడుందో కూడా తెలియని అక్కవి.

చప్పట్లు పడేదాకా పాత్ర ఆగకూడదన్నది ఆ క్లాసులో మొదటి రూలు. పిల్లలు ఆవిడకి చప్పట్ల టీచరని పేరు పెట్టుకుంది అందుకే. పాపం పిచ్చుక, చప్పట్లు పడకపోయేసరికి గది ఈ గోడ నుంచి ఆ గోడకి తడుముకుంటూ నడుస్తూనే ఉంది.

"టీచర్, అమ్మమ్మకి మోకాళ్ళు అరిగిపోతున్నాయి, ఇక వదిలెయ్యండి" అని వెనక నుంచి అరిచాడు లౌడ్‌స్పీకర్. వాడు రహస్యం చెప్పినా పక్క క్లాసుకి వినపడుతుంది.

అందరూ నవ్వారు. టీచరు ఉలిక్కిపడి చప్పట్లు కొట్టింది. ఎప్పుడూ గది అదిరేలా కొట్టే మనిషి, ఆ పూట చేతికంటిన పిండి దులుపుకున్నట్టు కొట్టింది.

ఆ గది గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను, తర్వాత అవసరం పడుతుంది. ఒకప్పుడు అది సైన్సు ప్రయోగాల గది. కొత్త ల్యాబు కట్టాక దీన్ని నాటకానికి వదిలేశారు. నీళ్ళు రాని కుళాయిలు, పిల్లలు సంచులు పడేసే తొట్లు, ఎంత కడిగినా పోని మందుల వాసన. తలుపు తీస్తే నేరుగా అరుగు మీదికి వస్తాం. ఒకప్పుడు సైన్సు మాస్టారి బల్ల ఉండే అరుగది. బల్ల తీసేశారు, అరుగు మిగిలింది. అందుకని ఆ గదిలోకి ఎవరొచ్చినా, ఫ్యాను బాగుచెయ్యడానికొచ్చిన ఎలక్ట్రీషియన్ అయినా సరే, స్టేజీ ఎక్కినట్టే. అరుగు దిగే చోట మోకాలెత్తు మెట్టు. ఆ అంచు పొడవునా తెల్లటేపు అంటించి ఉంటుంది. నాటకంలో చేరినవాడు మొదట నేర్చుకోవాల్సింది నటన కాదు, పడకుండా ఉండడం అని చెప్పి టీచరు తొలిరోజున పిల్లల చేతే అంటింపజేసింది.

ఇక అసలు సంగతికొద్దాం. నడక చూపించిన వాళ్ళు తర్వాత నిలదీత కుర్చీలో కూర్చోవాలి. ఆ కుర్చీలో ఉన్నంతసేపూ తాము ఎవరి నడక తెచ్చారో ఆ మనిషే తాము. క్లాసు ప్రశ్నలడుగుతుంది, ఆ మనిషిలాగే జవాబివ్వాలి. ఇష్టం లేకపోతే 'అది చెప్పను' అనొచ్చు. టీచరు మాత్రం ఒక్క ప్రశ్న కూడా అడగకూడదు. ఈ చివరి రూలు పెట్టుకుంది ఆవిడే. 'మీలో మీరు అడుక్కుంటే అది ఆట. నేనడిగితే మీరు భయపడి చెప్తారు' అని పిల్లలకి విడమరిచి మరీ చెప్పింది.

క్లాసయ్యాక పిచ్చుకని పక్కకి పిలిచి, 'మీ అమ్మమ్మ ఎవరమ్మా' అని అడిగితే పోయేది. అంత ఓపిక ఎక్కడిది ఆవిడకి? "ఇవాళ నిలదీత కుర్చీ పిచ్చుకది" అనేసి, కుళాయి తొట్టి పక్కన నిలబడి దాని అంచు గట్టిగా పట్టుకుంది.

మొదటి ప్రశ్న లౌడ్‌స్పీకర్‌దే. "అమ్మమ్మగారూ, మీ వయసెంత?"

పిచ్చుక మెడ నిటారుగా పెట్టి, గొంతు కాస్త బొంగురు చేసి, "నీకెందుకురా? సంబంధం చూస్తావా?" అంది.

క్లాసు గొల్లుమంది. టీచరుకి నవ్వు రాలేదు. ఆ వెటకారం కూడా అక్కదే.

"మీ మనవరాలంటే మీకిష్టమేనా?"

"దానికి నోరు ఎక్కువ. అయినా అది బడికి పోతే ఇల్లు ఇల్లులా ఉండదు."

ముందు వరసలో కూర్చునే సోడాబుడ్డి కళ్ళద్దాలమ్మాయి చెయ్యెత్తింది. అది అడిగేదేదైనా సూటిగా అడుగుతుంది. "అడుగేసే ముందు కాలితో ఎందుకలా తడుముతారు?"

"అంచు కనపడదు కాబట్టి."

"మరి అద్దాలు పెట్టుకోవచ్చుగా?"

"అద్దాలకి లొంగేది కాదమ్మా ఇది. ముందు రేచీకటి అన్నారు. పొద్దుపోతే ఏమీ కనపడేది కాదు. తర్వాత పట్టపగలు కూడా పక్కనున్నవి పోయాయి, గొట్టంలోంచి చూస్తున్నట్టు ఎదురుగా ఉన్నదే కనపడేది. ఇప్పుడదీ లేదు. వెలుగూ నీడా తెలుస్తాయి, అంతే."

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"స్టేజీ మీద."

"మీరు నాటకాలు వేశారా!" అని క్లాసంతా ఒక్కసారి ముందుకి వంగింది. పిచ్చుక మొహం వెలిగిపోయింది. ఇంతమంది నోరు తెరుచుకుని వింటుంటే ఏ నటికి ఉత్సాహం రాదు చెప్పండి?

"వెయ్యకపోవడమేంటి? నేను నోరు తెరిస్తే చివరి వరసలో వాళ్ళు కూడా దగ్గు ఆపుకుని వినేవాళ్ళు. సీనుకీ సీనుకీ మధ్య లైట్లు ఆర్పేస్తారు చూడు, ఆ చీకట్లో అందరూ నేల మీద తెల్లటేపు చూసుకుంటూ వాళ్ళ వాళ్ళ చోట్లకి పోయేవాళ్ళు. నాకు ఆ టేపు కనపడేది కాదు. కాలితో తడుముకుంటూ పోయేదాన్ని. లైట్లు వెలిగేసరికి నేనింకా దారిలోనే ఉండేదాన్ని."

టీచరుకి గుర్తొచ్చింది. నిజమే, ఆఖరి నెలలో అలాగే జరిగేది. లైట్లు వెలిగేసరికి తనొక్కతే తన చోట ఉండి, ఖాళీ కుర్చీతో డైలాగు చెప్పేది. అక్క ఎక్కడో నడిమధ్యన, కాలు చాచి, నెమ్మదిగా వస్తూ ఉండేది. దాన్ని తను కొత్త వయ్యారం అనుకుంది. పేరొచ్చింది కదా, పొగరెక్కింది, జనం తన నడక చూడాలని కావాలనే ఆలస్యంగా వస్తోంది అనుకుంది. అనుకోవడమేనా, ట్రూపులో నలుగురితో అంది కూడా.

సరిగ్గా ఇక్కడ ఆవిడ తన రూలు తనే తుంగలో తొక్కింది.

"మరి నాటకం ఎందుకు మానేశావు?"

గదిలో తలలన్నీ తొట్టి వైపు తిరిగాయి. 'మానేశారు' కాదు, 'మానేశావు.' సోడాబుడ్డి మెల్లిగా, "టీచర్, మీరు అడక్కూడదు కదా" అంది. టీచరు వినిపించుకోలేదు.

పిచ్చుక తటపటాయించింది. 'అది చెప్పను' అన్న మాట ఆ పిల్ల పెదాల దాకా వచ్చి ఆగడం గదిలో అందరికీ కనపడింది, ఒక్క టీచరుకి తప్ప. అడుగుతున్నది టీచరాయె. కాదంటే ఎలా?

"మా చెల్లెలు ఉండేది" అంది చివరికి. "నాతోనే వేసేది. దానికి మాటలు నేర్పిందే నేను. మర్నాడు నాటకమనగా ఆఖరి రిహార్సల్‌లో దాని దగ్గరికెళ్ళా. చెల్లీ, నాకు చీకట్లో కనపడట్లేదే, లైట్లు ఆరగానే నా చెయ్యి పట్టుకుని నా చోట నన్ను నిలబెట్టవే, అని అడుగుదామని. అంతే కదా కావాల్సింది? నాలుగడుగులు చెయ్యి పట్టుకుంటే నాటకం నడిచిపోయేది. నేను నోరు తెరిచేలోపే అది ఇటు తిరిగి అనేసింది."

"ఏమంది?" అంది టీచరు.

"కళ్ళు కనపడట్లేదా నీకు, అంది. అందరి ముందూ. అందరూ నవ్వారు. అదీ నవ్వింది."

పిచ్చుక మెడ ఇంకాస్త నిటారుగా పెట్టింది.

"అంతమంది నవ్వుతుంటే, అవునే, కనపడట్లేదు అని ఎలా చెప్పేది? పెట్టె సర్దుకుని వచ్చేశా. ఇంకెప్పుడూ ఎక్కలేదు."

చదివేవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఈ కథ మొదలైన దగ్గర్నుంచీ మన టీచరు ఎన్నిసార్లు ఎంతమందికి చెప్పిందో. 'తెల్లారితే నాటకం పెట్టుకుని మా అక్క నన్ను నట్టేట ముంచి పోయింది' అని. కొత్తగా పరిచయమైన వాళ్ళకి కాఫీ చల్లారేలోపు ఈ ముక్క చెప్పందే ఆవిడకి తోచదు. అలా పోయిన మనిషిని నేనెందుకు వెతకాలి, కావాలంటే అదే వస్తుంది అని భీష్మించుకు కూర్చుంది. కూర్చున్న చోటే జుట్టు నెరిసింది. ఇన్నేళ్ళలో ఆ రిహార్సల్ రోజు గుర్తొచ్చినప్పుడల్లా అక్క ఖాళీ చేసిన మంచం గుర్తొచ్చింది, మర్నాటి నాటకం కోసం తను ఒంటరిగా పరిగెత్తిన పరుగులు గుర్తొచ్చాయి. తను అన్న మాట మాత్రం ఒక్కసారీ గుర్తురాలేదు. ఎందుకొస్తుంది? దారికి అడ్డొచ్చిన ప్రతివాళ్ళనీ అనే మాటే అది. ఇవాళ పొద్దున కూడా సైకిల్ మీద గుద్దబోయిన ఎవరినో అనే వచ్చింది.

'నేను అన్నాను' అనుకుంది. 'అని నవ్వాను కూడా.' ఒక పిల్ల నోటి నుంచి వింటే తప్ప తెలియనంత చిన్నమాట అయిపోయింది అది తనకి.

అక్కడితోనైనా ఆగాల్సింది. ఆగలేదు.

"చెల్లెలి మీద కోపం... ఇంకా పోలేదా నీకు?"

పిచ్చుక మెడ వంగిపోయింది. బొంగురు గొంతు పోయి తన సొంత కీచుగొంతు వచ్చేసింది. "అది అమ్మమ్మ చెప్పలేదు టీచర్."

చప్పట్లు పడకుండానే పాత్ర ఆగిపోయింది. ఆ క్లాసులో అలా జరగడం అదే మొదలు. అప్పటికి ఆ పిల్లకి తను ఏం చేసిందో తెలిసొచ్చింది. చుట్టూ చూసింది, నాలుక కరుచుకుంది, కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి.

"ఇది ఎవరికీ చెప్పొద్దంది అమ్మమ్మ. మా అమ్మకి కూడా తెలీదు. నడక ఒక్కటే తేవొద్దు, ఆ నడక ఎందుకొచ్చిందో కూడా అడిగి తెలుసుకుని రండి అన్నారు కదా మీరు? అందుకని అడిగి అడిగి ప్రాణం తీస్తే చెప్పింది. నాకొక్కదానికే చెప్పింది టీచర్. నేను అది చెప్పను అనబోయా. మీరు అడిగారని..."

ఏడుపు ముంచుకొచ్చి మాట పూర్తి కాలేదు.

టీచరు తొట్టి వదిలి, పిల్లలందరి ముందూ ఆ కుర్చీ దగ్గర నేల మీద చతికిలబడింది. "తప్పు నీది కాదురా, నాది. నేను అడక్కూడదని నేనే పెట్టిన రూలు నేనే మీరాను" అంది. తర్వాత క్లాసు వైపు తిరిగి, "ఇది ఈ గదిలోనే ఉండిపోవాలి. నా కోసం కాదు, పిచ్చుక కోసం" అంది.

"ఎవరికీ చెప్పను టీచర్" అన్నాడు లౌడ్‌స్పీకర్. పుట్టాక మొదటిసారి వాడి గుసగుస నిజంగా గుసగుసలాగే వినపడింది.

ఆఖరి గంట కొట్టారు. పిల్లలు రోజూలా తోసుకోకుండా, తొట్లలోంచి సంచులు తీసుకుని ఒక్కొక్కళ్ళే వెళ్ళిపోయారు. పిచ్చుక మాత్రం మిగిలింది. చేతిరుమాలుతో ముక్కు తుడుచుకుంటూ గది చివరున్న వేషాల పెట్టె దగ్గరికెళ్ళింది. పొద్దున ఎవడో ఆకతాయి దాని చెప్పుల జత ఆ పెట్టె అడుగున దాచాడట.

"టీచర్, అమ్మమ్మ ఇవాళ బడికొస్తోంది" అంది పెట్టెలోకి వంగుతూ.

టీచరు గబుక్కున లేచింది. "ఎందుకు?"

"మిమ్మల్ని కలవాలంట. కలవడమంటే తిట్టడానికే అనుకుంటా. ముసలివాళ్ళ తిప్పలు పిల్లల చేత ఆడించే ఆ చప్పట్ల టీచరెవరో నేనూ కనుక్కుంటాను, అంది. నేను క్లాసులో చెప్పేశానని మాత్రం చెప్పకండి టీచర్. తెలిస్తే ఇంకెప్పుడూ నాకేమీ చెప్పదు."

ఆ మాట టీచరుకి సూటిగా తగిలింది. ఇంకెప్పుడూ ఏమీ చెప్పకపోవడమంటే ఏమిటో ఆవిడకి తెలిసినంతగా ఎవరికి తెలుసు? అన్నేళ్ళు ఎదురుచూసిన మనిషి ఇంకాసేపట్లో ఆ తలుపులోంచి వస్తుంది. వచ్చి, తన ఎదురుగా నిలబడినా గుర్తుపట్టదు. చూపు లేదు. కానీ ఒక్క మాట మాట్లాడితే చాలు, పట్టేస్తుంది. ఈ గొంతు అక్క తయారుచేసిన గొంతు. చిన్నప్పుడు వంటింటి గుమ్మంలో కూర్చోబెట్టి, కళ్ళు మూసుకుని విని, ఎంత బాగా చెప్పినా 'ఇంకోసారి చెప్పు' అనేది. అది మెప్పో కోపమో ఏనాడూ తెలిసేది కాదు. తెలియకే ఇంకోసారి చెప్పేది, ఆపైన ఇంకోసారి.

వెళ్ళి కాళ్ళ మీద పడాలని ఉంది. కానీ ఏమని చెప్పాలి? నువ్వు చెప్పొద్దన్నది నీ మనవరాలి చేత నలుగురిలో చెప్పించి, అలా తెలుసుకున్నాను అనా? ఒకసారి నలుగురిలో నవ్వించింది చాలక, ఇప్పుడు దాన్ని నలుగురిలో ఏడిపించాను అనా? ఆవిడకి ముఖం చెల్లలేదు. పైగా, ఇప్పుడు నోరు విప్పితే పిచ్చుకకి అమ్మమ్మ దూరమవుతుంది. నోరు విప్పకపోవడానికి ఇంతకన్నా మంచి సాకు దొరకదు. సాకని ఆవిడకీ తెలుసు.

"నాకు గొంతు పట్టేసింది. మీ అమ్మమ్మతో నువ్వే మాట్లాడు. టీచరు వెళ్ళిపోయారని చెప్పు" అంది, వీలైనంత మెల్లిగా.

పిచ్చుక పెట్టెలోంచే, "ఇందాక బాగానే ఉందిగా టీచర్?" అంది.

జవాబు చెప్పేలోపు వరండాలో మాటలు వినపడ్డాయి. గంట కొట్టే ఆయమ్మ ఎవరినో తలుపు దాకా తెచ్చి, "ఇదేనమ్మా గది" అని వెళ్ళిపోయింది. తలుపు తెరుచుకుంది.

టీచరు అరుగు పక్కన గోడకి అతుక్కుపోయింది. ఊపిరి కూడా చప్పుడు కాకుండా పీల్చింది.

అక్క అరుగు మీదికొచ్చింది. ఒళ్ళు సన్నబడింది, జుట్టు పూర్తిగా తెల్లబడింది, మెడ మాత్రం వంగలేదు. కొత్త చోటు కావడంతో గుమ్మంలోనే ఆగి, బొటనవేలు చాచి, నేల తడిమి, అడుగేసింది. మళ్ళీ తడిమింది, మళ్ళీ అడుగేసింది. పిచ్చుక చూపించింది అణుమాత్రం తేడా లేకుండా అదే. టీచరు కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారిపోతున్నాయి. తుడుచుకుంటే గాజులు చప్పుడవుతాయని తుడుచుకోలేదు.

"ఎవరున్నారిక్కడ?" అంది అక్క. వయసు మీద పడినా ఆ గొంతు ఇప్పటికీ గది చివరి గోడకి తగిలి వెనక్కొచ్చింది. "టీచరమ్మా! ఉన్నారా?"



"ఇక్కడున్నానమ్మమ్మా!" అంది పిచ్చుక, తల పెట్టెలోనే ఉంచి. "చెప్పులు వెతుక్కుంటున్నా. టీచరు... టీచరు వెళ్ళిపోయారు."

"వెళ్ళిపోయిందా? నేనొస్తున్నానని తెలిసి తప్పించుకుందన్నమాట" అంది అక్క. కోపమొస్తే ఆవిడ నడక మారిపోతుంది, అది చిన్నప్పటి నుంచీ అంతే. తడమడం మానేసింది. ఇంటి పిల్ల గొంతు వినపడ్డాక ఇక భయమేముంది అన్నట్టు, గది చివరి నుంచి వచ్చిన ఆ గొంతు వైపు చరచరా నడిచేసింది. ముందు నేల ఉందనుకుంది. ముందున్నది తెల్లటేపు. ఆ తర్వాత మెట్టు.

పిచ్చుక తల ఎత్తలేదు. చూస్తున్నది టీచరొక్కతే. చెయ్యి పట్టుకోవాలంటే అక్క అరుగు ఆ చివరన ఉంది. పరిగెత్తినా అందుకోలేదు.

"అక్కా! మెట్టు!"

అన్నేళ్ళుగా దాచుకున్న గొంతంతా ఒక్కసారిగా బయటపడి, కిటికీ అద్దాలు గలగలమన్నాయి. పెట్టెలోంచి పిచ్చుక తల బయటికొచ్చింది. దాని కళ్ళు టీచరు నుంచి అమ్మమ్మకి, అమ్మమ్మ నుంచి టీచరుకి తిరిగాయి.

అక్క కాలు టేపు దాటి గాల్లో ఆగిపోయింది. ఎడమచెయ్యి నడుం మీదికి పోయింది. కాలిని వెనక్కి తీసుకుంది. బొటనవేలితో అంచు వెతుక్కుంది, దొరికింది, ఆ చివర నుంచి ఈ చివరకి ఒకసారి మెల్లిగా తడిమి చూసుకుంది. అప్పుడు, ఎదురుగా ఉన్న మనవరాలి వైపు కాదు, పక్కనున్న గోడ వైపు మొహం తిప్పి, కళ్ళు మూసుకుంది.

"ఇంకోసారి చెప్పు" అంది.